యానిమేషన్ చదువుకు సాయం ఎక్కడ, పోర్ట్‌ఫోలియో ఎలా?

ఇంట్లో బొమ్మలు బాగా వేసే అమ్మాయో అబ్బాయో యానిమేషన్ చదువుతానంటే పెద్దలకు ముందు గుర్తొచ్చేది ఫీజు. తెలుగు రాష్ట్రాల బయట స్థిరపడ్డ మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ రాష్ట్రం సాయానికి మనం అర్హులం? ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

కేంద్రం గుర్తించిన మైనారిటీలు ఆరు మతాలవారు: ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు. కేంద్ర మైనారిటీ పథకాలు వారికే. మాతృభాష తెలుగు అన్న ఒక్క కారణంతో అవి మనకు రావు. భాషా మైనారిటీ హోదా అక్కరకొచ్చేది సీటు దగ్గర. రాజ్యాంగం 30వ అధికరణ కింద భాషా మైనారిటీలు నడిపే కాలేజీల్లో ఆ భాషవారికి కొన్ని సీట్లు ఉంటాయి. మహారాష్ట్రలో స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్‌లో మాతృభాష గడి ఉంటుంది. అందులో తెలుగు అని ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. వేరే భాష పడి ఉంటే, పిల్లలు బడిలో ఉండగానే దిద్దించుకోవడం సులువు.

ఆంధ్ర, తెలంగాణల ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడి స్థానికులకే. మనం ఉన్న రాష్ట్రంలోనే అడగాలి. కర్ణాటకలో ఎస్ఎస్‌పీ, మహారాష్ట్రలో మహాడీబీటీ, ఒడిశాలో స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఉన్నాయి. యానాం పిల్లలు పుదుచ్చేరి కిందికి వస్తారు. కులాల జాబితా కూడా రాష్ట్రానికొకటి. తెలుగు రాష్ట్రంలో ఉన్న కులం ఇక్కడి జాబితాలో లేకపోవచ్చు. దరఖాస్తుకు ముందే తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోండి.

ఏ రాష్ట్రంవారైనా అడగదగిన కేంద్ర పథకాలు మూడు:

పీఎం-యూఎస్‌పీ: పన్నెండో తరగతిలో తమ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండి, కుటుంబ ఆదాయం ఏటా 4.5 లక్షలు దాటనివారికి. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

ఎస్సీ విద్యార్థులకు టాప్ క్లాస్ పథకం: ఆదాయ పరిమితి 8 లక్షలు. ఎన్ఐడీ, ఐఐటీ, నిఫ్ట్ వంటి సంస్థల్లో సీటొస్తే ట్యూషన్ ఫీజు భారం తీరుతుంది.

పీఎం విద్యాలక్ష్మి: ఎంపికైన సంస్థల్లో సీటొచ్చినవారికి పూచీకత్తు లేని బ్యాంకు రుణం. ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణంపై వడ్డీలో 3 శాతం రాయితీ.

ప్రైవేటు సంస్థలు "స్కాలర్‌షిప్ టెస్ట్" పేరుతో ఇచ్చేది చాలాసార్లు ఫీజులో తగ్గింపే. ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. గుర్తింపు లేని సర్టిఫికెట్ కోర్సుకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ దొరకడం కష్టం.

ఇక పోర్ట్‌ఫోలియో. ఐఐటీల బీడెస్ సీట్లకు జరిగే యూసీడ్‌లో, ఎన్ఐడీ పరీక్షలో అక్కడికక్కడే గీయించి చూస్తారు. పోర్ట్‌ఫోలియో అడిగే కాలేజీలూ ఉన్నాయి. రెంటికీ సాధన ఒకటే. సినిమా హీరోల బొమ్మలు, కార్టూన్ల నకళ్లు కాదు, కళ్లెదుట చూసి గీసినవి కావాలి. సోలాపూర్ మగ్గం ముందు కూర్చున్న నేతగాడు, బరంపురం బజారు, హోసూరు పూల మార్కెట్, యానాం గోదావరి రేవు: ఇవన్నీ మన పిల్లలకు రోజూ కనిపించేవే. రోజుకో అరగంట, ఒక్కో మనిషిని ఒక నిమిషంలో గీయడం అలవాటు చేసుకుంటే చెయ్యి తిరుగుతుంది.

పదిహేను, ఇరవై మంచి పనులు చాలు. మనుషులు, చేతులు, జంతువులు, వీధి పర్‌స్పెక్టివ్ ఉండాలి. ఒకే పాత్రను ముందు, పక్క, వెనక నుంచి చూపాలి. ఆరేడు గడుల్లో మాటల్లేని చిన్న కథ చెప్పాలి. కదలిక కోసం ఎగిరి పడే బంతితో మొదలుపెట్టండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు సరిపోతాయి. బ్లెండర్, క్రిటా, పెన్సిల్2డి ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్ లేకపోతే నోటుపుస్తకం మూలల్లో ఫ్లిప్‌బుక్ గీసినా చెల్లుతుంది. మన తోలుబొమ్మల్లో చేతులు, కాళ్లు విడివిడిగా కట్టి ఆడించే పద్ధతీ, కటౌట్ యానిమేషన్ పద్ధతీ దగ్గరివే. అట్టముక్కలతో అలాంటి బొమ్మ చేసి ఫోనులో ఫొటో వెంట ఫొటో తీస్తే ఒక మంచి పని తయారవుతుంది. చిత్తు గీతలు పారేయకండి. ఆలోచన ఎలా సాగిందో పరీక్షించేవారికి తెలిపేవి అవే.

యూసీడ్ జనవరిలో జరుగుతుంది, దరఖాస్తు అంతకు నెలల ముందే. కాబట్టి ప్లస్ వన్, మొదటి పీయూసీలోనే స్కెచ్‌బుక్ మొదలవ్వాలి. ఆదాయ, కుల, నివాస పత్రాలు, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా పన్నెండో తరగతి ఫలితాలకు ముందే సిద్ధంగా ఉంచుకోండి. గడువు దాటాక ఎంత మంచి బొమ్మ ఉన్నా ఆ ఏటికి లాభం లేదు.