పెనవేసుకున్న పాములు ఏమి చెబుతున్నాయి?

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం చుట్టూ మామిడి తోటలు, కొబ్బరి తోటలు, చెరువులు విస్తరించి ఉన్నాయి. ఎలుకలకు అక్కడ కొదువ లేదు కనుక పాములకూ కొదువ లేదు. తోటలో గట్టు పక్కన రెండు పాములు తాడు పేనినట్లు పెనవేసుకుని, మనిషి నడుము ఎత్తున తలలెత్తి ఊగుతూ ఉంటే పనివారు పని ఆపి చేరుతారు. కొందరు చేతులు జోడిస్తారు. ఒకరు కొత్త వస్త్రం తెమ్మంటారు. ఆ పాములపై కప్పిన గుడ్డను పెట్టెలో దాచుకుంటే ఇంటికి కలిసివస్తుందని పూర్వపు నమ్మకం. మరొకరు కర్ర కోసం వెదుకుతారు. ఆ పాములు ఏమి చేస్తున్నాయో గ్రహించినవారికి గుడ్డ అవసరమూ ఉండదు, కర్ర అవసరమూ ఉండదు.

రెండు భాషలు, ఒకే అపోహ

రాజపాళయంలోని రాజుల కుటుంబాలు విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుండి దక్షిణానికి తరలివచ్చినవి. నేటికీ వారిలో అనేకులకు ఇంట తెలుగు, బయట తమిళం. ఇంట్లో జెర్రిపోతు అనే పాము వీధిలో సారైపాంబు అవుతుంది. నాగుపాము నల్లపాంబు అవుతుంది. తమిళంలో 'నల్ల' అంటే మంచి అని అర్థం. రంగుతో దానికి సంబంధం లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల సరిహద్దు గ్రామాలవారికి ఈ జంట పేర్లు కొత్త కావు.

పేర్లు మారినా అపోహ మాత్రం రెండు భాషలలోనూ ఒక్కటే. జెర్రిపోతు మగదనీ, నాగుపాము ఆడదనీ, ఆ రెండూ జతకడతాయనీ పెద్దలు చెబుతారు. ఇది వాస్తవం కాదు. అవి వేర్వేరు జాతులు. జెర్రిపోతులలో ఆడ, మగ రెండూ ఉన్నాయి, నాగులలోనూ అంతే. అంతేకాదు, అవకాశం దొరికితే నాగుపాము జెర్రిపోతును మింగుతుంది.

అది సయ్యాట కాదు, మల్లయుద్ధం

తలలెత్తి పెనవేసుకునే పాములు సాధారణంగా రెండూ మగవే. సమీపంలో జతకు సిద్ధంగా ఉన్న ఆడపాము కోసం అవి బలం తేల్చుకుంటున్నాయి. ఈ పోరులో కాటు ఉండదు. ప్రత్యర్థి తలను నేలకు వంచటమే ప్రతి పాము ప్రయత్నం. ఒకటి పైకి లేస్తే రెండవది దాని మెడ మీదుగా ఎక్కి అణచుతుంది. రెండూ జారి పడి మళ్లీ లేస్తాయి. కొంతసేపటికి ఓడినది చుట్టలు విడిపించుకుని వెళ్లిపోతుంది. ఇటువంటి పోరాటంలో దేహబలమే గెలిపిస్తుంది కనుక జెర్రిపోతులలో మగవి ఆడవాటికంటె పెద్దవిగా పెరుగుతాయి. నాగుపాములలోను, రక్తపింజరలలోను కూడ మగవాటి పెనుగులాటలు ఉన్నాయి.

నిజమైన జతకట్టటం ఇంత ఆర్భాటంగా ఉండదు. మగపాము ఆడపాము వెంట నేలమీదనే సాగి, దాని వీపుపై గడ్డం రాస్తూ, మధ్య మధ్య ఒళ్లు జలదరించినట్లు కదులుతుంది. తోకలు మాత్రమే పెనవేసుకుంటాయి. చాలాసేపు రెండూ దాదాపు నిశ్చలంగా పడి ఉంటాయి. కనుక గుర్తు సులభం: ముందుభాగాలు పైకి లేచి తోసుకుంటుంటే పోరాటం, దేహాలు నేలపై ఉండి తోకలు కలిసి ఉంటే జత.

నాలుక చెప్పే కథ

ఈ వ్యవహారమంతా వాసనపై నడుస్తుంది. పాము నాలుక ఆడించటం బెదిరింపు కాదు. గాలిలోను, నేలపైన ఉన్న వాసన కణాలను నాలుకతో అంది, నోటి పైభాగంలోని ప్రత్యేక అవయవానికి చేరవేస్తుంది. ఆడపాము నడిచిన దారిని మగపాము ఇలాగే పసిగడుతుంది. ఆ ఋతువులో మగపాములు తిండి ధ్యాస తగ్గించి, మామూలుగా కనబడని చోట్ల తిరుగుతాయి.

జంటలో ఒకదానిని చంపితే రెండవది పగబట్టి వస్తుందన్న మాటకు మూలం ఇక్కడే ఉండవచ్చు. పాములు భార్యాభర్తలవలె కలిసి బ్రతకవు; మనిషిని గుర్తుంచుకుని వెదకవు. కాని ఆడపాము వాసన మిగిలి ఉన్న తావుకు మరొక మగపాము రావటం సహజమే. వచ్చినది పగతో కాదు, వాసన వెంట.

కోపమా, భయమా?

ప్రతి పాము తన భాషలో ముందుగా హెచ్చరిస్తుంది. నాగు పడగ విప్పి బుసకొడుతుంది. రక్తపింజర, తమిళంలో కన్నాడి విరియన్, చుట్ట చుట్టుకుని కుక్కర్ ఆవిరి వదలినట్లు పెద్దగా, ఆగకుండా బుసకొడుతుంది. చిన్నపింజర, అనగా సురుట్టై విరియన్, తన పొలుసులను ఒకదానితో ఒకటి రాసి రంపం కోసినట్లు చప్పుడు చేస్తుంది. విషం లేని జెర్రిపోతు మెడ ఉబ్బించి, గుర్రుమని, తోకను ఎండుటాకులలో ఆడించి భయపెట్టజూస్తుంది. ఇవన్నీ 'దూరం పో' అనే మాటలే. కట్లపాము ఒక్కటి ఈ వరుసకు చెందదు. అది రాత్రివేళ తిరుగుతుంది; దాని కాటుకు చాలమంది నేలమీద నిద్రించేవేళ గురి అవుతారు. హెచ్చరిక వినే అవకాశం అక్కడ ఉండదు.

జత ఋతువు తరువాతి కాలం మరింత జాగ్రత్త కోరుతుంది. నాగుపాము ఎక్కువగా ఏప్రిల్, జూలై నెలల నడుమ పుట్టలలోను, ఎలుక బొరియలలోను పన్నెండు నుండి ముప్పై వరకు గుడ్లు పెడుతుంది. రెండు నెలల వరకు సాగే పొదుగుదలలో ఆడపాము సాధారణంగా గుడ్లను కాచుకుని ఉంటుంది. ఆ దినాలలో పుట్టను త్రవ్వినా, బొరియలో చేయి పెట్టినా అది పారిపోక ఎదురు తిరుగవచ్చు. రక్తపింజర గుడ్లు పెట్టదు; పిల్లలనే కంటుంది. నాగు పిల్లలకైనా, పింజర పిల్లలకైనా పుట్టిన నాటి నుండే విషం ఉంటుంది. చిన్నదని చేతితో ఎత్తరాదు.

కుబుసం విడిచే ముందు పాము కన్నులు నీలి పొర కప్పినట్లు మసకబారుతాయి. చూపు మందగించిన పాము త్వరగా బెదరుతుంది. దానిని మరింత దూరంగా ఉంచాలి.

పెంచవచ్చునా?

విదేశాలలో కొండచిలువలను పెంచేవారు ఈ సంకేతాలనే ప్రతిదినం చదువుతారు. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ మగది జత ఋతువులో వారాల తరబడి తిండి ముట్టక, రాత్రంతా పెట్టె గోడల వెంట తిరుగుతుంది. తెలియనివారు జబ్బు అనుకుంటారు. ఆడది నడుము వద్ద ఉబ్బి, ఒక్కొక్కసారి పొట్ట పైకి పెట్టి పడుకుంటుంది. గుడ్లు పెట్టిన తరువాత వాటిని చుట్టుకుని కదలదు.

మన దేశంలో సంగతి వేరు. జెర్రిపోతు, నాగు, రక్తపింజర, కొండచిలువ మొదలైన మన పాములను పట్టి ఇంట ఉంచుకోవటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చంపటమూ నేరమే. అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో చేరిన విదేశీ జాతులను పెంచేవారు 2022 చట్ట సవరణను అనుసరించి 2024లో వచ్చిన నియమాల ప్రకారం వివరాలు నమోదు చేయించుకోవాలి.

చట్టబద్ధంగా పాములను పట్టి కొంతకాలం ఉంచేవారు తమిళనాట ఉన్నారు. చెన్నై సమీపాన వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళ పాములవారి సహకార సంఘం నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషం తీసి, పిదప వాటిని అడవిలో విడిచిపెడుతుంది. కాటుకు మందు తయారయ్యేది ఆ విషంతోనే. ఇరుళ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. పాము మెదలికను చదవగల విద్యకు లభించిన గౌరవం అది.

చేయవలసినది

పెనవేసుకున్న పాములు కనబడితే దూరాన నిలచి, పిల్లలను, కుక్కలను వెనుకకు పిలవాలి. గుడ్డ కప్పబోవద్దు, అవి నాగులైతే ఆ గుడ్డ పట్టిన చేయి కాటుకు అందుతుంది. రాయి విసరవద్దు. వాటి పోరు ముగిసిన తరువాత అవే వెళ్లిపోతాయి. పాము ఇంటిలోనే ఉంటే అటవీ శాఖకు గాని, అగ్నిమాపక శాఖకు గాని తెలపాలి. జెర్రిపోతును చంపిన ఇంట ఎలుకలు పెరుగుతాయి. ఎలుకల కోసం నాగు వస్తుంది. ఆ లెక్క రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

కాటు పడితే కోయటం, పీల్చటం, బిగించి కట్టటం కూడదు. కాటుపడిన కాలు లేక చేయి కదలకుండా ఉంచి, ఉంగరాలు, గాజులు తీసివేసి, 108కి పిలిచి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టి తీసుకుపోవలసిన పని లేదు. మన ఆసుపత్రులలోని మందు పై నాలుగు పాములకూ కలిపి తయారైనదే. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు పన్నెండు లక్షలమంది మరణించారని పరిశోధకుల అంచనా. వారిలో అత్యధికులు గ్రామీణులు. తమిళనాడు ప్రభుత్వం 2024లో పాముకాటును ఆసుపత్రులు తప్పక నివేదించవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది.

తోటలో తలలెత్తి ఊగే ఆ రెండు పాములకు మనుషులతో పని లేదు. వాటి పోరు వాటిది. ఆ సంగతి ఇంటిలో పెద్దలు ఒక్కసారి పిల్లలకు చూపి చెబితే చాలు. ఆ తోటలో పామూ బ్రతుకుతుంది, మనిషీ బ్రతుకుతాడు.