సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు

బయటి బలంతో తిరిగినా తనంతట తాను అందుకోని మొదటి డీజిల్ ఇంజన్, రుడాల్ఫ్ డీజిల్ చేయించినదే. 1893 ఆగస్టు 10న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో దాన్ని బెల్టు తగిలించి తిప్పారు. ఇంధనం లోపలికి వెళ్లగానే పేలుడు వచ్చి, పీడనం కొలిచే పరికరం ముక్కలైంది. ఇంజన్ మాత్రం నడవలేదు. ఎన్నో మార్పుల తర్వాత 1894 ఫిబ్రవరి 17న నిమిషానికి 88 చుట్ల వేగంతో, ఒక్క నిమిషం పాటు సొంతంగా తిరిగింది.

సెల్ఫ్ కొడితే తిరుగుతూ స్టార్ట్ కాని లారీ ముందు నిలబడి విజయవాడ ఆటోనగర్ మెకానిక్ వెతికేదీ రుడాల్ఫ్ డీజిల్ వెతికినదే: వేడెక్కిన గాలి, అందులోకి సరైన క్షణంలో తుంపరగా పడే ఇంధనం. ఈ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలి కొట్టేటప్పుడు సైకిల్ పంపు వేడెక్కినట్టే, పిస్టన్ బలంగా నొక్కడంతో గాలి 500 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ ఆ వేడికే అంటుకుంటుంది.

అందుకే ముందు సైలెన్సర్ వైపు చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నా పొగే రాకపోతే డీజిల్ సిలిండర్‌లోకి చేరడం లేదని అర్థం. తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండటం లేదు. బ్యాటరీ నీరసించి ఇంజన్ నెమ్మదిగా తిరిగితే గాలి పిస్టన్ రింగుల పక్కనుంచి జారిపోతుంది, వేడి గోడలకు పోతుంది. అరిగిన రింగులదీ ఇదే కథ.

పొగ రాని బళ్లలో తరచూ దొరికే దోషం ఎయిర్ పట్టడం. ట్యాంకు ఖాళీ అయినా, ఫిల్టర్ మార్చినా గొట్టాల్లోకి గాలి దూరుతుంది. డీజిల్‌ను తుంపరగా చిమ్మే పాత తరహా నాజిల్ తెరుచుకోవాలంటే వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లు కావాలి. పంపు ఎంత నెట్టినా మధ్యలోని గాలి బుడగ కుంచించుకుపోతుందే తప్ప ఆ ఒత్తిడిని నాజిల్‌కు అందించదు. హ్యాండ్ పంపు కొడుతూ, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ఆగి బిగిస్తే చాలా బళ్లు అందుకుంటాయి.

ఆ ఒత్తిడిని పుట్టించే చిన్న పంపు కోసం ప్రపంచం చాలాకాలం ఎదురుచూసింది. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌లోకి ఇంధనాన్ని సంపీడిత గాలితో ఊదించాడు. అందుకు కావలసిన బరువైన కంప్రెసర్ లారీకి పనికిరాదు. 1913లో ఓడ ప్రయాణంలో ఆయన అదృశ్యమైన చాలా ఏళ్లకు, 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. లారీల్లో డీజిల్ విస్తరించడానికి అసలు కారణం ఆ పంపే అని నా నమ్మకం.

1995లో జపాన్ లారీల్లోకి కామన్ రైల్, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతి, వచ్చింది. ఇప్పుడు పీడనం వాతావరణ పీడనానికి 2000 రెట్లకు చేరింది, నాజిల్‌ను తెరిచేది కంప్యూటర్. ఇంజన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్ నుంచి సంకేతం రాకపోతే డీజిల్ నిండుగా ఉన్నా చాలా బళ్లలో ఇంజెక్టర్ తెరుచుకోదు.

సెల్ఫ్‌ను ఆపకుండా కొట్టకండి. పదిహేను సెకన్లకు మించకుండా కొట్టి, కాస్త చల్లారనివ్వండి. కామన్ రైల్ బళ్లలో ఇంజన్ తిరుగుతుండగా పైపు వదులు చేయకండి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.