బల్ల లేని దుకాణం

తాండూరు బజారులో పాత కిరాణా దుకాణం ఎట్లా ఉంటుందో చూచినవారికి చెప్పనక్కరలేదు. వీథికి ఎదురుగా అడ్డంగా ఒక బల్ల, బల్లమీద కాంటా, పక్కన గల్లాపెట్టె, దాని వెనుక సావుకారు. ఆయన వెనుక గోడ పొడుగునా డబ్బాలు, కింద కందిపప్పు, బియ్యం, బెల్లం బస్తాలు. నేలకు ఆ ఊరి నాపరాళ్లే. వచ్చినవారు బల్లకు ఇవతల నిలిచి కావలసినది అడుగుతారు. గుమాస్తా తూచి పొట్లం కట్టి ఇస్తాడు. పైకం లేకపోతే ఉద్దెర ఖాతాలో వ్రాసుకుంటారు. ఈ ఏర్పాటులో దొంగతనానికి చోటే లేదని కాదు గాని, చెయ్యి చాపడానికి ముందు నోరు తెరవవలసి ఉంటుంది. సరుకుకూ కొనేవారికీ నడుమ ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికి వచ్చినవారి ఊరు, ఇల్లు, తండ్రి పేరు తెలుసు.

ఆ బల్లను తీసివేసిన కీర్తి క్లారెన్స్ సాండర్స్ అనే అమెరికా వర్తకునిది. 1916 సెప్టెంబరు 6న మెంఫిస్ పట్టణంలో ఆయన ‘పిగ్లీ విగ్లీ’ అనే చిత్రమైన పేరుతో ఒక దుకాణం తెరిచాడు. బుట్ట చేతికిచ్చి, తిరిగి చూచి తీసుకొమ్మన్నాడు. గుమాస్తాల జీతం మిగిలినది. కంటికి కనబడిన వస్తువు మీద మనసు పడడంతో అమ్మకమూ పెరిగినది. అయితే సాండర్స్ అమాయకుడు కాడు. లోపలికి పోవడానికి ఒక తిరుగుడు గేటు, అన్ని అరలనూ చుట్టి వచ్చే ఒకే ఒక దారి, దాని చివర పైకం వసూలు చేసే మనిషి – ఇదీ ఆయన కట్టడం. బల్ల పోలేదు, వాకిట్లోకి జరిగినదని అనుకోవచ్చును.

తెలుగుదేశానికి ఈ పద్ధతి మెల్లగా వచ్చినది. హైదరాబాదులో 1980వ దశకంలో త్రినేత్ర దుకాణాలు వెలిశాయి. ముక్కంటి పేరు పెట్టుకున్నవారికి మూడవ కన్ను అవసరం ముందే తోచినదేమో! 2001లో అదే నగరంలో జెయింట్ పేరిట దేశంలోనే తొలి హైపర్‌మార్కెట్టుగా పేరుపడిన దుకాణం తెరుచుకున్నది. త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్లినది. నేడు వికారాబాదులోనూ, తాండూరులోనూ బల్ల ఉన్న దుకాణాలూ, లేని దుకాణాలూ ఒకే వీథిలో వ్యాపారం చేసుకుంటున్నవి. ఈ రెండు ఊళ్లూ 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు పడిన రైలుదారి మీద ఉన్నవి. పెండ్లిబట్టల కోసమో, పిల్లల చదువు కోసమో ఆ దారిన నగరానికి వెళ్లినవారు పెద్ద దుకాణాల వాకిట రెండు నిలువు చట్రాలను చూచే ఉంటారు. వాటి నడుమనుండే బయటికి రావాలి. పైకం చెల్లించని సరుకు చేతిలో ఉంటే అవి కీచుమని అరుస్తవి. అరిచేటట్లు చేసేది సరుకుకు అంటించిన ట్యాగు.

తాండూరులో ట్యాగు అనగానే ముందు గుర్తుకు వచ్చేది వేరొకటి. 2022 డిసెంబరులో తాండూరు కందులకు భౌగోళిక గుర్తింపు లభించినది. పత్రికలన్నీ దానిని జీఐ ట్యాగు అన్నవి. వేరొక సీమలో పండిన కందులను తాండూరు కందులని అమ్మరాదని దాని అర్థం. ఆ ట్యాగు ఊరి పేరును కాస్తుంది. దుకాణపు ట్యాగుకు ఊరూ తెలియదు, పేరూ తెలియదు. అంటుకున్న వస్తువును కాయడమే దాని పని. విచిత్రమేమంటే, కందిపప్పు పొట్లానికి దీనిని సాధారణంగా అంటించరు. చిన్నదై వెల హెచ్చుగా ఉండే సరుకుకే ఈ మర్యాద: గడ్డం గీసుకొనే బ్లేళ్లు, చంటిపిల్లల పాలపొడి, అత్తరు సీసాలు, బట్టలు.

ఈ యుక్తి పుట్టుకకు ఒక పరుగుపందెం కారణమని చెబుతారు. 1960వ దశకపు నడుమ, ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణంలో రొనాల్డ్ అస్సాఫ్ అనే దుకాణపు మేనేజరు ద్రాక్షసారాయి సీసాలతో ఉడాయించినవాని వెంటబడి, అందుకోలేక ఒగరుస్తూ తిరిగివచ్చాడు. పట్టుకొనే ఉపాయం చెప్పినవారికి ధనరాశి దొరుకుతుందని ఆ కోపంలో అన్నాడట. తానే 1966లో సెన్సర్‌మాటిక్ సంస్థను స్థాపించాడు. ఆ తొలి ట్యాగులు సూక్ష్మతరంగాలతో పనిచేసేవి. రేడియో తరంగాల ట్యాగును వ్యాప్తిలోకి తెచ్చిన చెక్‌పాయింట్ సంస్థ 1969లో మొదలైనది. అది తొలుత కాపాడబూనినది కిరాణా సరుకును కాదు, గ్రంథాలయ పుస్తకాలను. ఉపాధ్యాయులకు ఈ సంగతి ఆశ్చర్యం కలిగించకపోవచ్చును. అరువు పుచ్చుకున్న పుస్తకం తిరిగి ఇవ్వడంలో పెద్దలు సైతం మరపు చూపుతారని వారికి తెలియనిదా!

రేడియో ఉన్న ఇంట పెరిగిన తరానికి ఈ ట్యాగు మర్మం విప్పి చెప్పడం సులభం. హైదరాబాదు ఆకాశవాణి మధ్యమ తరంగాలలో 738 కిలోహెర్ట్జుల మీద వినిపించేది. మీట తిప్పి ముల్లును ఆ అంకె దగ్గరకు తెస్తే వార్తలు. ఏమాత్రం తప్పినా గరగర. మీట తిప్పినప్పుడు లోపల జరిగేది ఇది: ఒక తీగచుట్ట, ఒక కెపాసిటరు కలిసిన వలయం ఒకానొక పౌనఃపున్యానికి మాత్రమే బలంగా స్పందించేటట్లు కుదురుకుంటుంది. భౌతికశాస్త్రంలో దీనికి అనునాదమని పేరు. ఉయ్యాల ఊపే తల్లికి ఈ సూత్రం పుస్తకం చదవకుండానే తెలుసు. ఉయ్యాల తనంత తాను వచ్చిపోయే వేళకు సరిగా చెయ్యి వేస్తే చిటికెనవేలి బలం చాలు. వేళ తప్పితే ఎంత తోసినా వృథా.

ట్యాగు లోపల ఉన్నది మీట లేని రేడియో. పలుచని ప్లాస్టిక్ పొరకు రెండు వైపులా అల్యూమినియం రేకు. ఒక వైపు రేకు చతురస్రాకారంగా చుట్లు తిరుగుతూ తీగచుట్ట అవుతుంది. రెండు వైపుల పలకలు ఎదురెదురుగా నిలిచిన చోట కెపాసిటరు ఏర్పడుతుంది. దానికి బ్యాటరీ లేదు, ప్రాణం లేదు. దానిని 8.2 మెగాహెర్ట్జులకు కుదిర్చి ఉంచుతారు. ఇది హైదరాబాదు కేంద్రపు అంకెకు సుమారు పదకొండు రెట్లు. వాకిలి చట్రం ఆ అంకెకు కొంచెం కిందినుండి కొంచెం పైదాకా, తిరిగి పైనుండి కిందికి, ఎడతెగక తరంగాలను పంపుతూ ఉంటుంది. ట్యాగు నడుమకు రాగానే తన అంకె దగ్గర ఆ శక్తిలో కొంత గ్రహించి తానూ కంపిస్తుంది. ఆ చిన్న తేడాను పసిగట్టి చట్రం మోగుతుంది.

పైకం చెల్లించే చోట గుమాస్తా సరుకును ఒక పలకమీద ఆనించి తీస్తాడు. అక్కడి బలమైన తరంగం ట్యాగులోని కెపాసిటరు పొరను, ముందే పలుచన చేసి ఉంచిన ఒక చుక్క దగ్గర, చిట్లజేస్తుంది. రెండు రేకులు కలిసిపోతవి, అనునాదం నశిస్తుంది. ఇక ఆ ట్యాగు వట్టి కాగితం. బట్టలకు తగిలించే గట్టి ప్లాస్టిక్ బిళ్లను మాత్రం పలకతో చంపరు. గుమాస్తా దగ్గరి పరికరంతో ఊడదీసి మళ్లీ వాడుకుంటారు.

2017 నవంబరులో నడక మొదలుపెట్టిన హైదరాబాదు మెట్రో బండికి చూపించే కార్డులోనూ రేడియో చుట్టే ఉన్నది గాని, అందులోని చిప్పు తన సంఖ్య తాను చెప్పుకోగలదు. దుకాణపు ట్యాగుకు అంత విద్య లేదు. ‘ఉన్నాను’ అనడం ఒక్కటే దానికి తెలుసు. లోహపు డబ్బాకు అంటిస్తే ఆ మాట కూడా సరిగా అనలేదు.

ఇక్కడే అసలు చిక్కు. చట్రం మోగినదంటే దొంగ దొరికాడని కాదు. చావని ట్యాగు ఒకటి వాకిలి దాటినదని మాత్రమే. అది దొంగ సంచిలో ఉండవచ్చు. గుమాస్తా రద్దీలో పలకమీద ఆనించడం మరచిన పాలడబ్బా మీద ఉండవచ్చు. ఉదయం వేరొక దుకాణంలో పైకమిచ్చి కొన్న చొక్కా మడతలోనూ ఉండవచ్చు. పెద్దేముల్ వైపు పల్లెనుండి వచ్చిన ఒక రైతు ఇల్లాలికి ఇట్లా జరిగితే ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చట్రం అరుస్తుంది. వరుసలోని వారందరూ తల తిప్పుతారు. “అమ్మా, జర ఆగుండ్రి, సంచి చూపెట్టుండ్రి” అంటాడు కాపలావాడు. “పైసలు కట్టిన గద బిడ్డా” అని ఆమె రసీదు కోసం కొంగుముడి విప్పుకుంటుంది. రసీదు దొరుకుతుంది, పొరపాటు తెలుస్తుంది, కాపలావాడు పంపివేస్తాడు. అంతా ఒకటి రెండు నిమిషాల పని. కాని నగరంలో అయితే ఆమెను ఎరిగినవారు లేరు కాబట్టి అవమానం అక్కడే పోతుంది. తాండూరులో అయితే ఆ వరుసలో ఆమె మరిది ఉంటాడు, కొడుకు పంతులు ఉంటాడు. చట్రం మోగిన సంగతి ఊరికి చేరినంత త్వరగా రసీదు దొరికిన సంగతి చేరదు.

పాత సావుకారు పొరపాటున ఎవరినైనా అనుమానిస్తే మరునాడు ఆయనే మాట దిద్దుకోవలసి వచ్చేది. ఖాతాదారు పోతే నష్టం ఆయనదే. చట్రానికి ఆ భయం లేదు. కాబట్టి ఆ భయమేదో దుకాణదారు పెట్టుకోవాలి: మోత విన్న వెంటనే సంచి మీద చెయ్యి వేయక, పక్కకు పిలిచి, ముందు గుమాస్తా పలకను అనుమానించాలి. చట్టం కూడా ఇంచుమించు ఇదే అంటున్నది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న కొత్త నేరచట్టాలలో సామాన్య పౌరుడు ఒకరిని పట్టి ఉంచడానికి, ఆ మనిషి తన ఎదుటనే పెద్ద నేరం చేసి ఉండాలి. ఆరు గంటలలోగా పోలీసులకు అప్పగించాలి. మోత వినడం కళ్లారా చూడడం కాదు. స్త్రీని సోదా చేయవలసి వస్తే అది పోలీసుల పని, అదీ స్త్రీ చేతనే, మర్యాద చెడకుండా. నిజంగా దొంగిలించినవాని పట్ల సైతం ఆ చట్టం కొంత దయ చూపినది: 5,000 రూపాయల లోపు సొత్తు దొంగిలించి మొదటిసారి పట్టుబడినవాడు దానిని తిరిగి ఇచ్చివేస్తే సమాజసేవ శిక్షగా వేస్తారు. అర చూచి ఆశపడిన పదహారేళ్ల పిల్లవానిని దుకాణం గోడకు నిలబెట్టి ఫొటో తీసి ఊరంతా పంపే మేనేజర్లు ఈ సంగతి గమనించడం మంచిది.

దుకాణంలో లెక్కకు అందని నష్టానికి వర్తకులు తరుగు అంటారు. తరుగులో కొనేవారి చేతివాటం ఒక పాలు మాత్రమే. గిడ్డంగిలో మాయమైనది, గుమాస్తా లెక్క తప్పినది, సరఫరాదారు తక్కువ దింపినది – ఇవన్నీ అందులో ఉన్నవి. అవి వెనుక గుమ్మం దారిన పోతవి. చట్రం ముందు గుమ్మంలోనే నిలిచి ఉన్నది, కొనేవారి వైపే తిరిగి. ఈ మాట రైతుకు కొత్త కాదు. ధాన్యం కొనుగోలులో తరుగు పేరిట బస్తాకు ఇంత అని తీసివేయడం మీద తెలంగాణ రైతుల మొర ఎన్నోసార్లు పత్రికలకెక్కినది. ఆ కాంటాల దగ్గర మోగే చట్రాన్ని ఇంకా ఎవరూ పెట్టలేదు.

పైకం చెల్లించి ఇంటికి తెచ్చిన డబ్బామీద ధర చీటీ మందంగా కనిపిస్తే, గోరుతో మెల్లగా లేపి చూడవచ్చును. అడుగున అల్యూమినియం చుట్లు, చతురస్రంలో చతురస్రంగా, ముగ్గులాగా ఉంటవి. అనునాదం పాఠం చెప్పే ఉపాధ్యాయుడు అటువంటి వాటిని నాలుగు పోగుచేసి తరగతికి తీసుకొనిపోతే, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చుట్లు లెక్కబెట్టడానికి పిల్లలు ఎగబడతారు.