ఈ-మెయిలు నిలిచినపుడు చేయవలసిన పరీక్ష

వేసవిలో నూజివీడు తోటలలో మామిడి కోతలు సాగుచుండగనే పదవ తరగతి ఫలితములు వచ్చి, ట్రిపుల్ ఐటీ మొదలగు విద్యాలయముల ప్రవేశ దరఖాస్తులు ఆరంభమగును. అట్టి దినములలో విద్యాలయపు జాబు గాని, దూరపు వర్తకుని జాబు గాని ఒక్కదినము చూడకున్నను గడువు దాటిపోవచ్చును. ఈ-మెయిలు నిలిచినపుడు తోచిన అమరికనెల్ల మార్చుటకంటె, దోషమెక్కడ నున్నదో క్రమముగా వెదకుట మేలు.

థండర్‌బర్డు, ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాములలో జాబు వచ్చు దారి వేఱు, పోవు దారి వేఱు. పోవు దారికి ఎస్.ఎమ్.టి.పి. యని పేరు, దాని నియమములను 1982లో జొనాథన్ పోస్టెల్ ప్రకటించెను. వచ్చు దారులు రెండు. ఐమాప్ పద్ధతిలో జాబులు సర్వరునందే నిలిచి, ఫోనునందును కంప్యూటరునందును ఒకే రీతిగా కనబడును. పాప్ పద్ధతిలో కంప్యూటరు వానిని దించుకొనును. ప్రతి నుంచుమని చెప్పనిచో సర్వరునందు అవి మిగులకపోవచ్చును.

ఇక పరీక్ష. మొదట బ్రౌజరులో ఏదేని వెబ్‌సైటు తెఱచి చూడుడు. అది తెఱచుకొననిచో వేఱొక వెబ్‌సైటు చూడుడు. ఏదియు రానిచో దోషము ఇంటర్నెట్టుది. వచ్చినచో బ్రౌజరులోనే మీ ఖాతా తెఱువుడు. అచ్చటను క్రొత్త జాబులు లేనిచో, నిల్వ నిండినదేమో చూడవలెను. అచ్చట నుండి ప్రోగ్రామునకు మాత్రము రానిచో దోషము అమరికలది.

అప్పుడు సర్వరు పేరును, పోర్టు సంఖ్యను అక్షరమక్షరము సరిచూడుడు. భద్రమైన ఐమాపునకు 993, పాపునకు 995, పంపుటకు 587 లేక 465 వాడుకలోని సంఖ్యలు. జాబులు వచ్చుచు, పోకున్నచో పంపు సర్వరు అమరికను మాత్రమే పరీక్షింపుడు. అచ్చట 25 అను సంఖ్య యున్నచో 587గా మార్చి చూడుడు. చెత్తజాబుల నరికట్టుటకై పెక్కు ఇంటర్నెట్టు సంస్థలు ఆ పాత పోర్టును మూసివేసినవి.

పాస్‌వర్డు సరియైనదే యైనను నిరాకరణ కలుగవచ్చును. గూగులు సంస్థ 2022 మే 30 మొదలు వ్యక్తిగత ఖాతాలలోనికి కేవలము పేరు, పాస్‌వర్డులతో ఇతర ప్రోగ్రాములు ప్రవేశించుటను మాన్పుట కారంభించెను. కావున ప్రోగ్రాము తెఱచిచూపు గూగులు కిటికీలోనే ప్రవేశింపవలెను.

గాలివానకు కరెంటు పోయి వచ్చిన పిదప, లోపలి చిన్న బ్యాటరీ అరిగిన పాత కంప్యూటరులో తేదీ వెనుకకు పోవుట కలదు. సర్వరు తన్ను నిరూపించుకొను పత్రమునకు గడువు తేదీలుండును. కంప్యూటరు తేదీ తప్పైనచో ఆ పత్రము చెల్లదని తలంచి సంబంధమును త్రెంచును. తేదీ సరిచేసినంతనే జాబులు మరల వచ్చును.

ఖాతాను తొలగించి మరల చేర్చుట కడపటి యుపాయము. పాప్ వాడువారు అట్లు చేయుటకు ముందు జాబుల ప్రతిని దాచుకొనవలెను. లేనిచో ఏండ్ల జాబులు ఒక్క నిమిషములో నశింపవచ్చును. విద్యార్థులారా! అంతయు చక్కగా నడచుచున్నపుడే మీ యింటి ఖాతా అమరికలను ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. పాస్‌వర్డును మాత్రము, సహాయము చేయవచ్చినవారికైనను చెప్పకుడు.