తన మాట తానే వినుట

పెదవి దాటిన మాట పృథివి దాటునని లోకోక్తి. అట్లు దాటిపోయిన మాటను పట్టి తెచ్చి, పలికినవానికే మరల వినిపించు సాధనము నేడు మానవునకు లభించినది. సభలో మాటాడ నేర్వగోరు విద్యార్థులకు ఇంతకంటె నిష్పక్షపాతియగు గురువు లేడు.

గ్రీసు దేశములోని ఏథెన్సు నగరమున క్రీ.పూ. నాల్గవ శతాబ్దిలో డెమాస్తనీసు అను వక్త యుండెను. అతడు తొలుత ప్రజాసభలో మాటాడినపుడు జనులు పరిహసించిరని ప్లూటార్కు అను చరిత్రకారుడు వ్రాసెను. అతని కంఠము బలహీనము. ఊపిరి చాలక వాక్యములు నడుమనే తెగిపోయెడివి. ఒకనాడతడు చిన్నబోయి యింటికి మరలుచుండగా, సాటిరసు అను నటుడు అతనిచే నాటకములోని ఒక ఘట్టమును చదివించి, దానినే తాను మరల చదివి వినిపించెను. ఆ భేదము వినినంతనే డెమాస్తనీసునకు తన లోపము తెలియవచ్చెను. అటుపై అతడు నేలమాళిగలో చేరి సాధన చేసెననియు, నోట గులకరాళ్లుంచుకొని పలికెననియు, నిలువుటద్దము నెదుట ప్రసంగించెననియు చెప్పుదురు. అద్దము ముఖమును చూపినది గాని కంఠమును వినిపింపలేదు.

ఆ కొరత తీరుటకు రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది. 1877లో అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించెను. తగరపు రేకు చుట్టిన స్థూపమును త్రిప్పుచు మాటాడగా, ధ్వనికి కంపించు సూది ఆ రేకుపై గాట్లు వేసెను. సూది మరల ఆ గాట్ల వెంట నడవగా పలికిన మాటలే వినవచ్చెను. 1878లో అతడు ఆ యంత్రముయొక్క ఉపయోగములను ఒక పత్రికలో వివరించుచు, వక్తృత్వమును నేర్పుటను కూడ అందు చేర్చెను. నేడు ఆ సాధనము చేతిఫోనులోనే అమరియున్నది.

మొదటిసారి వినువాడు ‘ఇది నా గొంతు కాదు’ అని వెలవెలబోవును. దానికి కారణము కలదు. మాటాడునపుడు తన ధ్వని తనకు రెండు త్రోవల వచ్చును: ఒకటి గాలిద్వారా, రెండవది పుర్రె యెముకలద్వారా. ఎముకలు మంద్రధ్వనులను బాగుగా కొనిపోవును గావున తన గొంతు తనకు గంభీరముగా తోచును. యంత్రము గాలిత్రోవను వచ్చిన ధ్వనినే పట్టును. ఇతరులు వినునదియు అదియే. కాబట్టి సిగ్గుపడి సాధన మానరాదు.

సాధనకు మూడు నిమిషముల విషయము చాలును. ముఖ్యాంశములను మాత్రము ఒక చీటిపై వ్రాసికొని, నిలుచుండి, నడుమ ఆపక పలుకవలెను. పిమ్మట మూడు పర్యాయములు వినవలెను: మొదటిసారి భావక్రమమును, రెండవసారి ఉచ్చారణను, మూడవసారి వేగమును, విరామములను గమనింపవలెను. ‘భారతము’ ‘బారతము’ అయినదా? ‘శాంతి’ ‘సాంతి’ అయినదా? ‘అంటే’, ‘మరి’ అను ఊతపదములు ఎన్నిసార్లు దొరలినవి? లెక్కించి వ్రాసికొని, దినమునకు ఒక్క లోపమునే దిద్దుకొనవలెను.

తెలుగు పలుకువారికి మరియొక మెలకువ అవసరము. తెలుగు వాక్యమున క్రియ సాధారణముగా చివర నుండును. ‘ఈ పనిని చేయుదుము’, ‘ఈ పనిని చేయము’ అను వాక్యముల భేదమంతయు తుది పదముననే కలదు. వాక్యాంతమున గొంతు దిగజారినచో, వెనుక వరుసలోని శ్రోతకు అవునో కాదో తెలియదు. భావము మనసునందే యుండుటవలన ఈ దోషము పలుకువానికి తోచదు. ఫోనును గది ఆవలి కొననుంచి మాటాడి, పిదప వినినచో వెంటనే బయటపడును.

అయినను యంత్రము మాటను పట్టును గాని శ్రోతల ముఖములను చూపదు. తుదకు ఇంటివారి యెదుటనో, సాటిరసువలె తప్పు చెప్పగల మిత్రుని యెదుటనో మాటాడవలెను. ఇతరుల మాటలను వారి యనుమతి లేక పట్టరాదు.

ఊరి చెరువుకట్ట బీటవారినదని యెరిగినవాడు గ్రామసభలో లేచి రెండు మాటలు స్పష్టముగా చెప్పలేనిచో, ఆ యెరుక అతనితోనే నిలిచిపోవును. గండి పడినపుడు నష్టము ఊరందరిది. వక్తృత్వము మెప్పు పొందుటకే కాదు. తెలిసిన సత్యమును పదిమందికి చేర్చుటకు. తొలినాటి పలుకును చెరిపివేయక దాచి, నెల దినముల పిమ్మట క్రొత్తదానితో పోల్చి చూచిన విద్యార్థికి తన శ్రమఫలము తన చెవులకే తెలియును.