దోషమెచ్చట? - మోటారు కారులో కండెన్సరు పాత్ర



వేసవి మధ్యాహ్నము పాత అంబాసిడర్ కారొకటి పది కిలోమీటర్లు చక్కగా నడచి నడిరోడ్డుపై ఆగిపోవును. అరగంట చల్లారిన పిదప కదలును. కొంతదూరమేగి మరల నిలిచిపోవును. తొందరపడు మెకానిక్కు మొదట ప్లగ్గులు మార్చును. పిమ్మట కార్బురేటరు విప్పును. తుదకు పెట్రోలు పంపు మార్చవలెననును. యజమాని ధనము వ్యయమగును గాని దోషము ఉన్నచోటనే ఉండును. టాక్సీపై ఆధారపడి జీవించు కుటుంబమునకు ఇది స్వల్ప విషయము కాదు. కావున దోషమును కనుగొనిన పిదపనే భాగమును మార్చవలెను. ఇందుకు కండెన్సరు చక్కని ఉదాహరణము.

పెట్రోలు ఇంజనులో ఇంధనమును మండించు నిప్పురవ్వ ఇగ్నిషన్ కాయిలునుండి పుట్టును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు కలిసియున్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీ విద్యుత్తు కాయిలులో ప్రవహించి అయస్కాంత క్షేత్రము నేర్పరచును. పాయింట్లు విడిపోగానే ఆ క్షేత్రము కూలి, వేల వోల్టుల విద్యుత్తు జనించి ప్లగ్గునకు చేరును. నిమిషమునకు 3000 సార్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో ఈ పాయింట్లు నిమిషమునకు 6000 సార్లు విడిపోవును.

కాలువ తూమును హఠాత్తుగా మూసినచో పరుగెత్తు నీరు గట్టుపైకి ఎగయును. ప్రక్కన గుంట యున్నచో ఆ వేగము అందులో ఇముడును. పాయింట్లు విడిపోవునప్పుడు విద్యుత్తు వేగమును ఇముడ్చుకొను గుంటయే కండెన్సరు. దాని సామర్థ్యము సుమారు 0.2 మైక్రోఫారడ్. అది చెడినచో విద్యుత్తు పాయింట్ల నడుమనే మెరసి వాటిని కాల్చివేయును. ప్లగ్గునకు చేరు రవ్వ క్షీణించును. లోపలి కాగితపు పొర వేడికి బలహీనపడినచో చల్లని ఇంజను నడచును, వేడెక్కినది ఆగును. పెట్రోలు గొట్టములో ఆవిరి అడ్డుపడినను ఇదే లక్షణము కనిపించును. భ్రమకు కారణమిదియే.

కావున కారు వేడిగా ఆగియున్నప్పుడే పరీక్షింపవలెను. చల్లారిన పిదప దోషము దాగిపోవును. సమీపమున పెట్రోలు ఒలికియుండరాదు. గేరును న్యూట్రలులో ఉంచి, డిస్ట్రిబ్యూటరు మూత నడిమి తీగను ఊడదీసి, రబ్బరు పిడిగల పటకారుతో పట్టుకొని, కొనను ఇంజను లోహమునకు 6 మిల్లీమీటర్ల దూరమున నిలిపి, సహాయకునిచే స్టార్టరు త్రిప్పించవలెను. నీలిరంగు బలమైన రవ్వ వచ్చినచో కాయిలు, పాయింట్లు, కండెన్సరు సరియే. మిగిలిన తీగలను, పెట్రోలు మార్గమును చూడవలెను. రవ్వ పలుచగా, పసుపుగా ఉండి, పాయింట్ల వద్ద పెద్ద మెరుపు కనిపించినచో కండెన్సరును శంకింపవలెను. మంచిదని తెలిసిన కండెన్సరు నొకదానిని తగిలించి చూచుటయే నిశ్చయమైన పరీక్ష. అప్పటికిని దోషము తీరనిచో కాయిలు వైపు దృష్టి మరల్చవలెను.

మార్చుట సులభము. బ్యాటరీ తీగ తీసి, డిస్ట్రిబ్యూటరు మూతను, రోటరును తొలగించి, కండెన్సరు స్క్రూను, తీగను విప్పవలెను. స్క్రూ లోపల జారిపడకుండ జాగ్రత్త వహింపవలెను. క్రొత్త కండెన్సరు తొడుగు క్రింది పలకకు గట్టిగా ఆనవలెను. కాలిన పాయింట్లను శుభ్రపరచి లేక మార్చి, పూర్తిగా తెరచినప్పుడు వాటి నడుమ 0.015 అంగుళము సందు ఉండునట్లు ఫీలర్ గేజితో సరిచూడవలెను. ప్లగ్గు తీగలను కదల్పనిచో 1-3-4-2 అను మండు క్రమము చెడదు. పిమ్మట ఇంజను బాగుగా వేడెక్కువరకు నడిపి చూడవలెను. ఏ స్థితిలో దోషము కనిపించినదో ఆ స్థితిలోనే చికిత్స ఫలితమును పరీక్షింపవలెను.

అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయినది. నేటి కార్లలో పాయింట్లకు మారుగా ఎలక్ట్రానిక్ పరికరములు వచ్చినవి. పరికరములు మారినను పద్ధతి మారలేదు. మన కార్ఖానాలలో నిజమైన ఉస్తాద్ పానా చేతబట్టుటకు ముందు, బండి ఎప్పుడు, ఎట్లు ఆగినదని అడిగి తెలిసికొనును. పరిశోధనశాలలో మనము అభ్యసింపవలసిన శాస్త్రీయ దృష్టియు అదియే.