చెరువు విలువ కట్టుట ఎట్లు?

చిత్తూరు జిల్లాలో పలమనేరు ప్రక్కనున్న గంగవరమునకు గాని, చుట్టుప్రక్కల మెట్ట గ్రామములకు గాని జీవనది లేదు. వాననీటికి కట్టవేసి నిలిపిన చెరువే ఆధారము. ఆ చెరువు గర్భములో ఎకరము నేలను ఇండ్ల స్థలములుగా అమ్మిన ఎంత వచ్చునో చెప్పువారు కలరు. ఆ ఎకరము నీటిక్రింద నున్నపుడు ఏటేట ఏమి ఇచ్చుచున్నదో లెక్కించువారు అరుదు. ధర లేనిది లెక్కలలో సున్నగా మారుచున్నది. చిక్కంతయు ఇక్కడనే కలదు.

సరస్సులు, మడ అడవులు మాత్రమే చిత్తడి నేలలని పలువురి అభిప్రాయము. 1971లో ఇరానులోని రామ్‌సార్‌లో కుదిరిన ఒడంబడిక చెరువులను, వరిమళ్లను కూడ వీటిలో చేర్చినది. మన దేశపు 2017 నిబంధనలు మాత్రము సాగునీటికై ప్రత్యేకముగా నిర్మించిన చెరువులను మినహాయించినవి. కొంగకును కప్పకును ఈ భేదము తెలియదు!

ఆయకట్టులోని పంట, చేపలు, పొలములకు తోలు పూడికమట్టి — వీనికి అంగడి ధర కలదు. ఖర్చులు తీసివేసిన విలువ తేలును. భూమిలోనికి ఇంకు నీటి సంగతి వేరు. దానికి ఆర్థికవేత్తలు ప్రత్యామ్నాయ వ్యయమును చూతురు: ఈ పని చెరువు చేయనిచో, మనము చేయుటకు ఎంత ఖర్చగును? ఒక హెక్టారుపై ఒక మీటరు లోతు నీరు 10,000 ఘనపు మీటర్లు, అనగా కోటి లీటర్లు. కొంత ఆవిరియై, కొంత తూముగుండా పోగా నాలుగవ వంతు ఇంకినదనుకొందము. ఆ 25 లక్షల లీటర్లను 5,000 లీటర్ల ట్యాంకరుతో తెచ్చుటకు 500 తడవలు తిరుగవలెను. తడవకు 600 రూపాయలనుకొన్నను 3 లక్షలు. ఇది ఊహించిన ఉదాహరణము. పైగా అంత ధర పెట్టి ఆ నీటినంతయు ఎవరును కొనరు గనుక దీనిని గరిష్ఠ పరిమితిగానే గ్రహింపవలెను. ఇంకొక జాగ్రత్త: ఇంకిన నీటికి విలువ కట్టి, ఆ నీటితోనే బావిక్రింద పండిన టమాటాకు మరల పూర్తి విలువ కట్టిన, ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కించినట్లగును.

"చెరువును కాపాడుటకు ఏడాదికి మీరెంత ఇత్తురు?" అని అడిగి తెలిసికొను పద్ధతియు కలదు. బోరుబావి గల రైతు వేయి రూపాయలనవచ్చును. చెరువుగట్టున మేకలు మేపుకొను కూలి స్త్రీ పది అనవచ్చును. తక్కువైనది ఆమె చేతిలోని డబ్బే గాని అవసరము కాదు. అందుచేత మొత్తముతోపాటు, చెరువు పోయిన ఎవరికెంత నష్టమో విడివిడిగా వ్రాయవలెను.

కొల్లేరులో ఈ లెక్క పెద్దయెత్తున తప్పినది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఆ సరస్సు బుడమేరు, తమ్మిలేరుల వరదనీటిని పట్టియుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపును. చేపల చెరువుల గట్లు పెరిగినకొలది నీరు నిలుచు చోటు తగ్గినది. అమ్మిన చేపల ధర అందరికిని కనబడినది; వరదను పట్టియుంచు శక్తి ఎవరి ఖాతాలోను లేదు. 1999లో అభయారణ్యముగను, 2002లో రామ్‌సార్ స్థలముగను ప్రకటించిన పిదప, 2006లో ప్రభుత్వము అనేక గట్లను తొలగించినది. ఆ చేపల చెరువులపై బ్రతికినవారు అప్పుడు కోల్పోయిన కూలియు ఈ లెక్కలో చేరవలసినదే.

గంగవరము వంటి చోట ఉపాధ్యాయులు ఇంత పెద్ద లెక్కతో ప్రారంభింపనక్కరలేదు. చెరువు నిండకమునుపును, నిండిన పిదపను కట్ట దిగువనున్న బావులలో నీటిమట్టమును నెలకొకసారి తాడుతో కొలిచిన చాలును. చెరువుకు దూరముగానున్న రెండు మూడు బావులను కూడ కొలువవలెను. లేనిచో నేరుగా వానవలన పెరిగిన మట్టమును సైతము చెరువు ఖాతాలో వేయుదుము.